మిగిలితేనే ముద్దకూర

పోయిన నెల మేడిపల్లిలో మా చుట్టాల గృహప్రవేశానికి వదినా నేనూ కలిసి వెళ్ళాం. బస్సు దొరక్క ఆలస్యమైంది. మేము పోయేసరికి సగం మంది తిని చేతులు కడుక్కుంటున్నారు, మిగతా సగం తాంబూలం సంచులు ఎక్కడిస్తున్నారో వెతుక్కుంటున్నారు. బల్ల మీద వరసగా పెట్టిన గిన్నెల్లో చివరిదాని మూత తీసి చూస్తే ఆలుగడ్డల ముద్దకూర. మెత్తగా మెదిపిన ఆలుగడ్డ, మధ్యమధ్య మక్కగింజలు, పైన ఎర్రగా వేగిన ఉల్లిగడ్డ. గిన్నె నిండా ఉంది. "వేసుకోండమ్మా, మస్తు మిగిలింది," అంటూ వడ్డించే మనిషి గరిటెడు తీసి సంబరంగా నా పళ్ళెం మీదికి వంగాడు. పక్కనున్న వదిన ముఖం చూశాను. ఆమె గిన్నె వైపు ఒక చూపు చూసి, "పాపం, ఎవలు వండిన్రో," అని గొణిగింది. కమ్మటి కూర గిన్నె నిండా కనబడితే భయపడేవాళ్ళు ఈ లోకంలో మేమిద్దరమే ఉంటాం. ఆ భయం ఎక్కడిదో చెప్పాలంటే నాచారం పోవాలి.

అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు. జనగామ వైపు నుంచి బతకడానికి వచ్చిన మా అన్న నాచారంలో ఒక కంపెనీలో మెషిన్ ఆపరేటరు. నేను అన్నావదినల దగ్గరే ఉండి ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పేదాన్ని. రెండు గదుల కిరాయి ఇల్లు. నీళ్ళు వచ్చే పూట మేము ఇంట్లో, రాని పూట బోరింగు దగ్గర. అన్నకు డ్యూటీ చొక్కా అంటే ప్రాణం. నీలంరంగుది, జేబు మీద కంపెనీ గుర్తు కుట్టి ఉండేది. దాని ఇస్త్రీ మడత చెడిందంటే ఆరోజు వదినకు మూడినట్టే. పెళ్ళిచూపులకు కూడా ఆ చొక్కాతోనే పోతానని పేచీ పెట్టాడట, మా అమ్మ గడప దాటనివ్వలేదట. అలాంటి మనిషి ఒక పొద్దున డ్యూటీకి పోయేసరికి గేటుకు తాళం వేసి ఉంది. ఎందుకు మూశారో, ఎన్నాళ్ళు మూశారో చెప్పేవాళ్ళు లేరు. "తెరుస్తరు, ఊకె మూస్తరా అంత పెద్ద కంపెనీ?" అని అన్న అదే మాట రోజూ చెప్పేవాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని, టిఫిన్ డబ్బా పట్టుకుని, పొద్దున్నే పోయి ఆ గేటు ముందున్న వేపచెట్టు కింద తోటివాళ్ళతో కూర్చుని సాయంత్రానికి తిరిగొచ్చేవాడు. డబ్బాలో పెట్టింది సగం అలాగే తిరిగొచ్చేది. ఇంట్లోనూ రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేవాడు. భుజాలు జారిపోయి చొక్కా వదులైంది.

ఇల్లు గడవాలి కదా. నా జీతం చూస్తే ఎలుకకు కూడా జాలి వేస్తుంది. మా వదిన ఎవరినీ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. చౌరస్తా దగ్గర గల్లీ మొదట్లో మంగలి కొట్టు పక్కన ఖాళీగా ఉన్న చిన్న మడిగెలో కర్రీ పాయింట్ పెట్టేసింది. పెట్టిన రోజు సాయంత్రం అన్నతో జరిగిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తే. "నా పెండ్లాం రోడ్డు మీద నిలవడి కూరలమ్ముతదా? నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు అన్న. "ఏమనుకుంటరు, ఉప్పు తక్కువైందనుకుంటరు," అంది వదిన ఉల్లిగడ్డలు తరుగుతూ. అంతే. ఆనాటి నుంచి అన్న చౌరస్తా మీదుగా ఇంటికి రావడం మానేశాడు. రైలుపట్టాల వైపు నుంచి చుట్టూ తిరిగి వచ్చేవాడు. కొట్టు మాట ఇంట్లో ఎత్తితే టీవీ సౌండు పెంచేవాడు. బడి వదలగానే నేను పోయి కూరలు ప్లాస్టిక్ కవర్లలో నింపి మూతికి దారం చుట్టేదాన్ని. ఇంత బలహీనమైన దారానికి ఇల్లంతా వేలాడుతోందని ఒక్కోసారి భయం వేసేది.

కొట్టులో నాలుగైదు కూరలు ఉన్నా పేరు తెచ్చింది మాత్రం ముద్దకూరే. అది వదిన పుట్టింటి కూర. వాళ్ళవి మక్కచేన్లు. కంకులు పాలుపట్టిన నెలంతా వాళ్ళింట్లో పొద్దునా మాపూ మక్కలేనట, అవి తినలేక ఎవరో పూర్వీకురాలు ఆలుగడ్డలో దాచిపెట్టిందని వదిన చెప్పేది. ఆలుగడ్డలు తోలుతోనే ఉడకబెట్టి, వేడి మీదే ఒలిచి మెదపాలి, చల్లారితే జిగటవుతుంది. లేత కంకుల గింజలు ఒలిచి, సగం అలాగే ఉడికించి, సగం కచ్చాపచ్చాగా దంచాలి. ఉల్లిగడ్డలు బద్ధకం లేకుండా ఎర్రగా వేయించాలి. జీలకర్ర, పచ్చిమిర్చి, కరివేపాకు పోపు పెట్టి అన్నీ కలిపి చివర నిమ్మకాయ పిండితే పప్పుచారు పక్కన దానికి సాటి లేదు. కంకులు దొరకని కాలంలో స్వీట్ కార్న్ వేయమని నేనొకసారి సలహా ఇచ్చాను. "అవి మక్కలా పిల్లా? చక్కెర బిళ్ళలు," అని నావైపు అదోలా చూసింది. చివరికి ఎండాకాలంలో అవే వేసింది, కానీ ఆ రోజుల్లో కూర ఎవరైనా మెచ్చుకుంటే ముఖం పక్కకు తిప్పుకునేది.

ఇక ఇంటి సంగతి. కర్రీ పాయింట్ పెట్టిన ఇంట్లో రోజూ ఐదు కూరలతో భోజనం అనుకుంటారు జనం. వదిన దగ్గర ఒకటే చట్టం. అమ్మకానికి వండిందాంట్లో ముందుగా ఇంటికి తీయకూడదు. కొట్టు కట్టేశాక ఏది మిగిలితే అది మన కూర. మామూలు రోజుల్లో మిగిలేది సొరకాయో, దొండకాయో. ముద్దకూర చీకటి పడకముందే అయిపోయేది. అందుకని మా ఇంట్లో అందరికీ ప్రాణమైన కూర మాకు ఎప్పుడూ దక్కేది కాదు. అది గిన్నెలో ఇంటికి వచ్చిందంటే ఆరోజు బేరం లేదని అర్థం. ఖాళీ గిన్నె వస్తే మర్నాటి పొయ్యి వెలుగుతుందని ధైర్యం. నిండు గిన్నె వస్తే వదినా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా వడ్డించుకునేవాళ్ళం. ఈ లెక్క మా ఇద్దరికే తెలుసు. అన్న కొట్టు గురించి అడగడు గనుక ఆయనకు ఎవరూ చెప్పలేదు.

అలాంటి రోజుల్లో రాష్ట్రం కోసం బందులు మొదలయ్యాయి. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పొడుగునా టైర్లు కాలేవి, బస్సులు లేవు, మా దగ్గర కూరలు కొనే బ్యాచిలర్లు ఊళ్ళకు పోయారు. రాష్ట్రం రావాలని మాకు లేదా అంటే, ఉంది. అందరికంటే అన్నకు ఎక్కువ ఉంది. "రాష్ట్రమొస్తే కంపెనీ తెరుస్తరట," అనేవాడు. కానీ రోడ్డు బందైతే కొట్టూ బందే. కొద్దిసేపు సగం షట్టరు ఎత్తి, గల్లీలోవాళ్ళకు నాలుగు కవర్లు అమ్మి, వదిన గిన్నె నెత్తిన పెట్టుకుని ఇంటికి వచ్చేది. మొదటి రోజు ఆ కూర అన్న పళ్ళెంలో పడింది. ఒక ముద్ద తిన్నాడు. తలెత్తాడు. ఇంకో ముద్ద తిన్నాడు. నెలల తర్వాత మా అన్న "జర కూర వెయ్యే," అని అడగడం విన్నాను. మర్నాడూ బందే, మర్నాడూ అదే కూర. అన్న ముఖంలో కళ వచ్చింది. మూడోనాడు వేళ్ళు నాకుతూ, "నేను మంచిగ తింటలేనని గిది నాకోసమే చేస్తున్నవ్ గదా?" అన్నాడు. వదిన ఒక్క క్షణం గరిటె ఆపింది. "ఆఁ, మరి ఎవలికోసం చేస్త?" అంది. నాకు ఒళ్ళు మండింది. వంటింట్లోకి పోయాక, "చెప్పరాదా వదినా, బేరం లేక మిగిలిందని," అన్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "తిననియ్యి పిల్లా. ఆయన కడుపునిండ తినక ఎన్ని దినాలైందో నీకెర్కలేదా?" అంది. కిరాయి ఇవ్వలేక ఆ మడిగె వదిలేయాల్సి వస్తుందేమోనన్న దిగులుతో ఆమె, కడుపునిండా తిన్న సుఖంతో ఆయన, ఒకే గదిలో అటూ ఇటూ తిరిగి పడుకునేవారు. ఆ బందులు ఆగాలని నాకు ఒక మనసు, ఆగొద్దని ఇంకో మనసు. అంత కష్టమైన రోజులు నా బతుకులో మళ్ళీ చూడలేదు.

బందులు సద్దుమణిగి కొట్టు తిరిగి నిలబడింది. గిన్నె ఖాళీగా రాసాగింది. అన్న పళ్ళెంలోకి సొరకాయ తిరిగి వచ్చింది. రెండుమూడు రోజులు ఓపిక పట్టి, "ఏందే, ఆ కూర చేస్తలేవు?" అని అడిగాడు. "మక్కలు దొరుకుతలేవు," అంది వదిన. ఆడవాళ్ళ అబద్ధాన్ని మగవాళ్ళు నిజమని నమ్మితేనే అసలు గొడవ. మర్నాడు అన్న గేటు దగ్గరి నుంచి ఉప్పల్ చౌరస్తా దాకా నడిచిపోయాడట. అక్కడ బొగ్గుల మీద కంకులు కాల్చే ఆమె దగ్గర పచ్చికంకులు సంచి నిండా కొన్నాడు. నీలం చొక్కాతో, భుజాన సంచితో, ఇన్నాళ్ళలో మొదటిసారి, మా కొట్టు ముందుకు వచ్చి నిలబడ్డాడు. నేను దారం చుట్టే చెయ్యి ఆపేశాను. "దొరుకుతలేవంటివి గదా, తెచ్చిన," అని సంచి బల్ల మీద పెట్టాడు. బల్ల మీద ముద్దకూర గిన్నె దాదాపు ఖాళీగా ఉంది. గిన్నె అంచులకు మక్కగింజలు అంటుకుని ఉన్నాయి. అన్న వాటిని చూశాడు, వదినను చూశాడు.

అప్పుడే మా పక్క గల్లీలో ఉండే రైల్వే ఉద్యోగి, గుంటూరు వైపు పెద్దమనిషి, ఆయాసపడుతూ వచ్చాడు. "అయిపోయిందా అమ్మా? ఈ ఆలూ కూర నాకెప్పుడూ అందదు. ఆ బందులప్పుడే నయం, అడిగినంత మిగిలేది," అని నవ్వాడు. ఆ నవ్వులో ఏ పాపమూ లేదు. అన్న మాత్రం రోడ్డు మీద ఎవరో పేరు పెట్టి తిట్టినట్టు నిలబడిపోయాడు. వదిన గిన్నె గీరి ఉన్న కాస్తా కవర్లో వేసి ఆయనకు ఇచ్చి పంపింది. అన్న మెల్లగా బల్ల చుట్టూ తిరిగి లోపలికి వచ్చాడు. వెనకున్న పీట మీద కూర్చుని, చొక్కా చేతులు మడిచి, సంచిలోంచి కంకి తీసి పొట్టు ఒలవడం మొదలుపెట్టాడు. "ఇవి రేపటికి సరిపోతయా?" అన్నాడు తలెత్తకుండా. "ఇంక జర గావాలె," అంది వదిన.

ఆ తర్వాత అన్న రోజూ కొట్టులోనే. డ్యూటీ చొక్కాతోనే వచ్చేవాడు. ఎవరిదో వెల్డింగ్ షాపులో తానే నిలబడి మూరెడు కాడతో ఒక స్టీలు పప్పుగుత్తి చేయించుకున్నాడు. దాంతో ఆలుగడ్డలు మెదుపుతుంటే పక్కన మంగలి కొట్టులో అద్దాలు కదిలేవి. ఉండ ఒక్కటి కనబడినా, "గిది పాస్ గాదు," అని మళ్ళీ మెదిపేవాడు. మేము నవ్వేవాళ్ళం. కానీ ఆ కూర ఆయన మళ్ళీ నోట పెట్టలేదు. వాన పడో, మళ్ళీ బంద్ వచ్చో ఎప్పుడైనా మిగిలితే గిన్నె మావైపు జరిపి, తాను పచ్చడి వేసుకుని తినేవాడు. వదిన బతిమాలింది, అలిగింది, ఒకసారి ఏడ్చింది. "అది అమ్ముకునే కూర, వద్దు," అనేవాడు. ఏమీ తెలియక లొట్టలు వేసుకుంటూ తిన్న ఆ మూడు రోజులకూ తనను తాను క్షమించుకోలేకపోయాడని నాకు అనిపించేది. తప్పేముంది అందులో? ఆకలైనవాడు తిన్నాడు. ఆ మాట నేను చెబితే వినే మనిషి కాదు.

రాష్ట్రం వస్తుందని ఢిల్లీ నుంచి వార్తలు వస్తున్న చలికాలంలో అన్న గుండె జబ్బుతో దవాఖానాలో పడ్డాడు. కొన్నాళ్ళకు, ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఆ మాటకు అర్థం మాకు తెలుసు. కొట్టు షట్టరు దించే ఉంది. అన్నం సయించడం లేదు, గంజి కూడా వద్దనేవాడు. ఒక మధ్యాహ్నం వదిన ఇంట్లో చిన్న గిన్నె పొయ్యి మీద పెట్టింది. ఆలుగడ్డలు, ఉల్లిగడ్డ, ఎక్కడినుంచి తెప్పించిందో ఒక లేత కంకి. ఆ పెద్ద పప్పుగుత్తి ఆ గిన్నెలో పట్టక చేత్తోనే మెదిపింది. వేడన్నంలో కలిపి అన్న ముందు కూర్చుంది. అన్న వాసన పట్టి కళ్ళు తెరిచాడు. చాలాసేపు ఆ పళ్ళెం చూశాడు.

"మిగిలిందా?" అన్నాడు.

"దుకాణం బందు వెట్టి ఎన్నొద్దులాయె, ఎట్ల మిగుల్తది?" అంది వదిన. "ఇది అమ్మేది కాదు. నీకే చేసిన. నీ ఒక్కనికే చేసిన."

అన్న నోరు తెరిచాడు. ఆమె పెట్టింది. మెల్లగా నమిలి, నాలుగు ముద్దలు తిన్నాడు. ఐదోది చేత్తో ఆపి, ఆమె నోటి వైపు తోశాడు. ఆమె తిన్నది. నేను గుమ్మంలోనే నిలబడి కొంగుతో నోరు మూసుకున్నాను.

రాష్ట్రం వచ్చిన రోజుకు అన్న లేడు. బయట పటాకులు, డప్పులు. వదిన ఆరోజు కొట్టు తెరిచి పెద్ద గిన్నె నిండా ముద్దకూర వండింది. ఎవరూ కొనరని ఆమెకు తెలుసు. ఆ గిన్నె ఆటోలో పెట్టించుకుని కంపెనీ గేటు దగ్గరికి పోయి, వేపచెట్టు కింద చేరిన అన్న దోస్తులకు తనే గరిటెతో వడ్డించింది. గేటు మాత్రం తెరుచుకోలేదు. ఇప్పుడు అక్కడ అపార్ట్‌మెంట్లు ఉన్నాయి. వదిన మోకాళ్ళ నొప్పులతో కొట్టు కూడా మూతపడింది. పప్పుగుత్తి నా వంటింట్లో ఉంది. అది పట్టేంత పెద్ద గిన్నె మా ఇంట్లో లేదు.

మేడిపల్లిలో ఆరోజు నా పళ్ళెంలో పడిన కూరను చూస్తూ కూర్చున్నాను. వదిన తన కుర్చీ దగ్గరికి లాక్కుని, "తినే పిల్లా, చల్లారితే జిగటైతది," అని తనూ ఒక ముద్ద తీసుకుంది. "స్వీట్ కార్న్ ఏసిన్రు," అని పెదవి విరిచింది, అయినా పళ్ళెం ఖాళీ చేసింది. "మిగిలిందా" అన్న ఆ ఒక్క మాట అడగడానికి మా అన్నకు అన్నేళ్ళు పట్టింది. జవాబు వినడానికి మాత్రం కాలం ఆయనకు నాలుగు ముద్దలంత సేపే ఇచ్చింది.