సగం ఫీజు

మా జూనియర్ కాలేజీలో ఎంట్రన్స్ పరీక్షల సహాయ కమిటీకి నేను కన్వీనర్‌ని కావడానికి కారణం నా ప్రతిభ కాదు. ఆ మీటింగు జరిగిన రోజు నేను సెలవులో ఉన్నాను. పేద పిల్లలకు పరీక్షల ఖర్చు భారం కాకుండా చూడటం కమిటీ పని. అందుకోసం ప్రిన్సిపాల్ నాకు ఒక రిజిస్టరు, ఒక రబ్బరు స్టాంపు ఇచ్చారు. పైసల సంగతి అడిగితే, మీ అంతటి మనిషి ఉండగా పైసలెందుకన్నారు.

ఆ ఏడాది రిజిస్టరులోకి మొదట ఎక్కింది అమ్రాబాద్ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి. తండ్రి ఊళ్లోవాళ్ల మేకలు కాస్తాడు, తల్లి కూలికి పోతుంది. కెమిస్ట్రీ చెప్పేది నేనే అయినా బాగా నేర్చుకున్న పిల్ల. అగ్రికల్చర్ కోర్సుకు ఎంట్రన్స్ రాస్తానంది.

సర్కారు దయవల్ల ఆమెకు సగం ఫీజే. కాకపోతే ఆ సగానికి అర్హురాలినని కులం సర్టిఫికెట్ పెట్టాలి. ఇంట్లో ఉన్న పాత కాగితంలో తండ్రి పేరు తప్పు పడింది. కొత్తది తెచ్చుకొమ్మని నేనే ధైర్యం చెప్పి ఎమ్మార్వో ఆఫీసుకు పంపాను. తల్లీకూతుళ్లు మొదటిసారి వెళ్తే సారు లేడు. రెండోసారి సారు ఉన్నాడు, సర్వర్ లేదు. మూడోసారి ఇద్దరూ ఉన్నారు కానీ తండ్రే స్వయంగా రావాలన్నారు. అతను వస్తే మేకలను ఎవరు చూడాలో మాత్రం చెప్పలేదు. నాలుగోసారికి పని అయింది. వెళ్లిన ప్రతిసారీ బస్సు చార్జీలు పోయాయి, ఒక రోజు కూలి పోయింది.

సర్టిఫికెట్ నా బల్ల మీద పెట్టి ఆ పిల్ల మెల్లగా అంది.

“మేడం, ఫీజు పూర కట్టినా గిన్ని పైసలు కాకపోవు.”

నేను రిజిస్టరులో ‘రాయితీ ఇప్పించడమైనది’ అని రాసి స్టాంపు వేశాను.

నెట్ సెంటర్ ఖర్చు మిగల్చాలని దరఖాస్తు నేనే నింపాను. పరీక్ష సెంటరు మహబూబ్‌నగర్ పెట్టమంది ఆ పిల్ల. అక్కడ ఆమె చిన్నమ్మ ఉంటుంది, ఉండటానికి కిరాయి పెట్టక్కర్లేదు. తీరా హాల్‌టికెట్ వచ్చాక చూస్తే నల్లగొండ అని ఉంది. నా ఇల్లు నల్లగొండలో. మా ఆయన, కొడుకు అక్కడే ఉంటారు. నేను కాలేజీ ఉన్న అచ్చంపేటలో గది తీసుకుని ఉంటూ శనివారం శనివారం పోయి వస్తుంటాను. ఫారంలో ఊళ్ల జాబితా కనబడగానే నా వేలు తన దారిన తాను ఇంటికి పోయింది. మార్చుకునే గడువు కూడా దాటింది.

“సర్వర్ తప్పా మేడం?” అని అడిగింది ఆ పిల్ల.

ఔనంటే సరిపోయేది. సర్వర్ మోసే నిందల్లో ఇదొకటి కలిసేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ పిల్ల నా మొహంలోకి చూస్తుంటే చెప్పలేకపోయాను. తప్పు నాదే అన్నాను.

“మాకు నల్లగొండల ఎవ్వరు లేరు మేడం.”

“నేనున్న గద. మా ఇంటికి రండ్రి.”

పరీక్షకు ముందురోజు తల్లీకూతుళ్లు దేవరకొండ మీదుగా మూడు బస్సులు మారి వచ్చారు. తల్లి చింతపండు మూట తెచ్చింది. కమిటీ ఆఫీసు ఇక్కడికి మారిందా అని మా ఆయన నన్ను అడిగి, కూలర్ ఉన్న గది వాళ్లకు ఇచ్చేశాడు. తెల్లారి నేను లేచేసరికి ఆ తల్లి వాకిలి ఊడ్చేసింది.

పిల్ల లోపల పరీక్ష రాస్తుంటే మేమిద్దరం గేటు బయట షెడ్డు నీడన కూర్చున్నాం. సీటొస్తే మళ్లీ కాగితాలు కావాలా అని ఆమె అడిగింది. ఆదాయం సర్టిఫికెట్ కావాలన్నాను.

“లేని ఆదాయానికి గుడ సర్టిఫికెట్ ఇస్తరా?” అని నవ్వింది.

పంద్రాగస్టు నాడు ప్రిన్సిపాల్ నాకు శాలువా కప్పారు. విద్యార్థినిని సొంత ఇంట్లో ఉంచుకుని పరీక్ష రాయించిన ఆదర్శ అధ్యాపకురాలినట. ఎందుకు ఉంచుకోవలసి వచ్చిందో ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు, చప్పట్లు బాగానే వినిపించాయి.

రెండో విడత కౌన్సెలింగులో ఆమెకు సీటు వచ్చింది. చేరిన రోజు సాయంత్రం హాస్టల్ నుంచి ఫోన్ చేసింది. మంచం కిటికీ పక్కన దొరికిందట. గదిలో ఇంకో పిల్లది భువనగిరి అట, నిద్రలో పాటలు పాడుతుందట. పది నిమిషాలు మాట్లాడింది. ఖర్చు మాట లేకుండా ఆమె నాతో మాట్లాడటం అదే మొదటిసారి.