కారవాన్ కప్పు ఎక్కిన అన్న

అన్న పోయాడన్న మాట శుక్రవారం మధ్యాహ్నం తెలిసింది. మా ఆయన జుమా నమాజు నుంచి వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం బయటే నిలబడ్డాడు. "రియాద్ దగ్గర సులై క్యాంపు నుంచి ఫోన్ వచ్చింది. అన్న పొద్దున నిద్ర లేవలేదంట" అన్నాడు. ఇన్నా లిల్లాహి అని నా నోటికి వచ్చేసింది. అన్న మా మతం వాడు కాదు. కానీ చావు కబురు వింటే నా నోటికి తెలిసిన మాట అదొక్కటే.

ఆ తరువాత నేను తలెత్తి ఆకాశం చూశాను. షఫా కొండల మీద మబ్బు పట్టి ఉంది. సౌదీలో మేముండే ఈ తాయిఫ్‌లో వానలు మొదలయ్యే రోజులు. మా మంచం పైన ఉన్న మూల ఇంకా కారుతూనే ఉంది. దాని సంగతి చూడటానికి సెలవు పెట్టి వస్తానన్న మనిషి ఇక రాడు. ఏడుపూ భయమూ కలిసి వచ్చాయి. ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

అన్న నా తోడబుట్టినవాడు కాదు. ఆయనది నిర్మల్ పక్క ఊరు, మాది కడప జిల్లా. ఇక్కడ ఒక కంపెనీలో కొత్త కట్టడాల బాత్రూములకూ కప్పులకూ నీళ్లు కారకుండా పూత వేసే పని చేసేవాడు. మాకు వీసా ఇచ్చిన యజమాని, అంటే మా కఫీల్, కట్టిస్తున్న ఇంట్లో పని చేస్తుండగా మా ఆయనకు పరిచయమయ్యాడు. మా ఆయన ఆ కఫీల్‌కే డ్రైవరు, నేను వంటమనిషిని. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడే నన్ను "చెల్లె" అన్నాడు, మా ఆయన్ని "బావ" అన్నాడు. ఇంట్లో మేమిద్దరం మాట్లాడుకునేది ఉర్దూ. అన్న వస్తే ముగ్గురం తెలుగే. ఆయన తెలుగుకు మా ఆయన నవ్వేవాడు, మా తెలుగుకు ఆయన నవ్వేవాడు.

కారవాన్ సంగతి చెప్పాలి. మేముండే గదిని కఫీల్ తోటను వెడల్పు చేయడానికి పడగొట్టారు. తోట చివర, దానిమ్మ చెట్ల పక్కన ఒక పాత కారవాన్, చక్రాల మీది గది, పడి ఉండేది. కఫీల్ వాళ్ల నాన్న చలికాలంలో దాన్ని బండికి తగిలించుకొని ఎడారికి పోయేవాడంట. పైన అల్యూమినియం రేకు, లోపల చెక్క చట్రం. ఆ చెక్క చాలాచోట్ల పుచ్చిపోయింది. కఫీల్ చెడ్డవాడు కాదు. "దీన్ని బాగుచేసుకుంటే ఇద్దరూ ఇందులో ఉండండి. మొదటి పెద్ద వాన తరువాత నేనొచ్చి చూస్తాను. లోపల తడి ఉంటే మాత్రం వద్దు, తడిసిన ఇనప డబ్బాలో మనుషుల్ని ఉంచి నేను పాపం మూటగట్టుకోలేను. అప్పుడు ఆమె జిద్దాలో ఉన్న మా ఇంటి మేడమ్ దగ్గరికి వెళ్తుంది, నువ్వు ఇక్కడ కాపలావాళ్ల గదిలో ఉండు" అన్నాడు.

మా ఆయనకు షుగరు. ఇన్సులిన్ తీసుకుంటాడు. ఒకసారి నిద్రలోనే షుగరు పడిపోయి, చెమటలు పట్టి, పిలిస్తే పలకలేదు. పక్కన నేనున్నాను కాబట్టి నోట్లో తేనె రాసి లేపగలిగాను. కాపలావాళ్ల గదిలో ఎవరు లేపుతారు? వాళ్లు పొద్దంతా ఎండలో పనిచేసి, పడుకుంటే లేవని మనుషులు. నేను జిద్దాలో ఉంటే ఆయన ప్రతి తెల్లవారూ బతికి లేచాడో లేదో ఫోన్‌లో వినాలి. ఈ భయం ఎవరికీ చెప్పలేదు. అన్నకు చెప్పాను. "అయితే నీళ్లను లోపలికి రానియ్యద్దు" అన్నాడు.

ప్రతి శుక్రవారం వచ్చేవాడు. ఆ రోజు ఆయనకు సెలవు. తన అన్నం తనే టిఫిన్‌లో తెచ్చుకునేవాడు, పచ్చిపులుసుతో. నేను ఆయన కోసమని విడిగా కొన్న గిన్నెలో పప్పు చేస్తే, "నా కోసం గిన్నె కొన్నవా చెల్లె? మా ఆవిడ గూడ కొనలే" అనేవాడు. కారవాన్‌లో నేల చెక్కలు లేచిపోయి మేకులు బయటికి తేలి ఉన్నా చెప్పులు బయటే వదిలేవాడు. "అన్నా, మేకు గుచ్చుకుంటుంది, వేసుకో" అంటే, "నువ్వు నమాజు చేసే జాగ" అనేవాడు. అప్పటికి అక్కడ నేను నమాజు చేయడం మొదలుపెట్టనే లేదు.

పని మొదలుపెట్టే ముందు ఒక మాట అనేవాడు. "చెల్లె, నీ దేవునికి నువ్వు చెప్పు, నా దేవునికి నేను మనసుల చెప్పుకుంట. ఇద్దర్ల ఎవరో ఒకరు ఖాళీగుంటరు." నాకు నవ్వు వచ్చేది, పాపమేమో అని భయమూ వేసేది. తరువాత దువా చేసేదాన్ని.

ఆయన చేసిన మొదటి పని తప్పు పని. అది చెబితే ఆయన్ని చిన్నబుచ్చినట్టు కాదు, ఆయనే అందరికీ చెప్పుకునేవాడు. కొత్త స్లాబు కారుతుందో లేదో చూడాలంటే చుట్టూ కట్ట కట్టి, నీళ్లు పోయే దారి మూసి, కప్పు నిండా నీళ్లు నిలబెట్టి ఒక రోజంతా వదిలేస్తారు. కింద మరక కనబడితే కారుతున్నట్టు. ఆయన చేతులకు అలవాటైన పని అది. "నీళ్లు నీళ్లే గద చెల్లె, స్లాబయితేంది, రేకయితేంది" అని కారవాన్ కప్పు అంచుల వెంట ప్లాస్టిక్ పరిచి తడి ఇసుకతో కట్ట కట్టి, పైపు పెట్టి నింపాడు.

కాసేపటికి లోపల చిటచిటమని చప్పుడు మొదలైంది. మా ఆయన పొయ్యి పక్కన నిలబడి పైకి చూస్తున్నాడు. కప్పు చెక్క పొట్టలా కిందికి దిగుతోంది. నేను చెయ్యి పట్టి బయటికి లాగాను. లాగానో లేదో మొత్తం పొయ్యి మీద కూలింది. పుచ్చిన చెక్క, దాని పైన కూరిన దూది, నల్లటి నీళ్లు.

నిచ్చెన మీద అన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. "బావా... బావా..." అని మాత్రం అంటున్నాడు. మా ఆయన కనబడ్డాక దిగి, ఆ తడి చెక్కల మధ్య కూర్చున్నాడు.

"చెల్లె, నేను స్లాబు మనిషిని. గిది స్లాబు కాదు. బరువు మోయదు. ఎండకు సాగుతది, చలికి ముడుసుకుంటది. నాకు తెల్వలే."

"ఉన్న కప్పు కూల్చినాక చెప్తాండావా సామీ" అన్నాడు మా ఆయన.

ఎవరూ నవ్వలేదు. ఆయన ఇక రాడేమో అనుకున్నాను. నేనే అయితే వచ్చేదాన్ని కాదు. తరువాతి శుక్రవారం ఆయన టిఫిన్ పట్టుకొని గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. ఊరి పాత బజారు బలద్‌లో ఒక సామాన్ల కొట్టువాడికి ఫోన్ చేసి, ఇలాంటి బండ్లకు వాడే బంక టేపు తెప్పించాడు. "వారమంత భయపడ్డ చెల్లె. భయపడుకుంటనే ఆలోచన చేసిన" అన్నాడు.

ముందు కూలిన చోట రేకు కింద కొత్త చెక్క కొట్టాం. అప్పటినుంచి పని తీరే మారిపోయింది. నీళ్లు పై నుంచి పోయడం మానేసి కింది అతుకు నుంచి మొదలుపెట్టేవాడు. కింది అతుకు మీద సన్నగా పైపు పెట్టి చాలాసేపు ఆగేవాడు. లోపల నేను చెక్కల వెంట టిష్యూ కాగితం ఆనిస్తూ చూసేదాన్ని. కాగితం తడవకపోతే ఆ అతుకు మంచిదే, దాని పైదానికి పోవాలి. మొదటే పై నుంచి పోస్తే నీళ్లు అన్ని అతుకుల మీదా జారతాయి, ఏది దొంగో తెలియదు. "నీళ్లు కనబడ్డ కాడ వెతకకు. అవి చెక్క పట్టుకొని నడిసి నడిసి వచ్చి ఈడ కూసుంటయి. ఎక్కడ లోపలికి దూరినయో చూడు" అనేవాడు.

ఆయన పైపు పట్టుకొని బయటి నుంచి "వచ్చెనా?" అని అడిగేవాడు. నేను లోపలి నుంచి "రాలేదన్నా" అనేదాన్ని. ఎండాకాలం అంతా మా శుక్రవారాలు ఈ రెండు మాటలతోనే గడిచాయి. కాగితం తడిస్తే పాత బంకంతా బ్లేడుతో గీకి, గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, కొత్త టేపు వేసేవాడు. పాత బంక మీద కొత్తది పూయనిచ్చేవాడు కాదు. ఒకరోజు కిటికీ కింద చెక్క ఎందుకు ఉబ్బుతోందో తెలియక తల పట్టుకున్నాం. చూస్తే, నీళ్లు బయటికి పోవడానికి కిటికీ చట్రం కింద ఉండే సన్న రంధ్రాలన్నీ మా ఆయన ముందే శ్రద్ధగా మూసేశాడు, కారుతుందేమో అని.

"బావా, లోపలికి పోయిన నీళ్లకు ఈడ్నే ఉండుమని ఇకామా కార్డు గూడ ఇచ్చినవు. ఇగ ఎట్ల బయటికి పోతయి?"

ఆ మాట చెప్పుకొని మా ఆయన వారమంతా నవ్వాడు.

అన్న అన్నిటికీ భయపడేవాడు. ఎక్కే ముందు నిచ్చెన కాళ్లు రెండూ కదిపి చూసేవాడు, దిగాక మళ్లీ చూసేవాడు. ఒకరోజు నేను గిన్నె కడగబోయి కొళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంది. చీమ కుట్టిందనుకొని ఆ మాటే చెప్పాను. అన్న చేతిలో ఉన్న పైపు పడేసి పరుగెత్తి మెయిన్ స్విచ్ ఆపేశాడు. "అందరు బయటికి. ఇనుము ముట్టద్దు" అన్నాడు. ఆయన గొంతు అంత గట్టిగా ఎప్పుడూ వినలేదు. గోడలో తడిసిన వైరు నుంచి కారవాన్ ఒళ్లంతా కరెంటు పాకుతోందంట. మా ఆయన గోడ విప్పి చూద్దామంటే ఒప్పుకోలేదు. "నాకు రాదు బావా. నీకు రాదు. వచ్చెటోన్ని పిలుద్దాం." పెషావర్ వైపు నుంచి వచ్చిన ఒక ఎలక్ట్రీషియన్‌ను ఉర్దూలో బతిమాలి తీసుకొచ్చి, వైరంతా మార్పించి, ఎర్త్ వేయించేదాకా మమ్మల్ని లోపల అడుగుపెట్టనివ్వలేదు.

ఆ రోజు నేను ఏడ్చాను. "అన్నా, నాకు భయంగా ఉంది, ఈ డబ్బా వద్దు" అన్నాను. ఆయన నా దగ్గరికి వచ్చి, కొంచెం దూరంలో నేల మీద కూర్చున్నాడు. "నాకు గూడ భయమే చెల్లె. భయం మంచిదే. భయమున్నోడు స్విచ్ ఆపుతడు. నువ్వు ఒక్కదానివే పడకు, ఇద్దరం పడుదాం" అన్నాడు. ధైర్యంగా ఉండమని నాకు చాలామంది చెప్పారు. నాతో పాటు భయపడతానన్నది ఆయనొక్కడే.

వేసవి చివరికి అన్ని అతుకులూ మంచివయ్యాయి, మంచం పై మూల తప్ప. పైపుతో ఎంత తడిపినా అక్కడ కాగితం తడవదు. గాలితో చిన్న జల్లు పడితే చాలు, తడుస్తుంది. అన్న ప్రతి శుక్రవారం పైకెక్కి వెతికాడు, రెండు మూడుసార్లు టేపు విప్పి మళ్లీ వేశాడు. ఇంతలో కంపెనీ ఆయన్ని రియాద్‌కు, సులైలోని క్యాంపుకు మార్చింది. వెళ్లేముందు ఆ మూలను చాలాసేపు చూశాడు. ఫోన్ చేసినప్పుడల్లా క్షేమం అడగకముందే "మూల ఎట్లుంది?" అనేవాడు. చివరిసారి మాట్లాడినప్పుడు అన్నాడు: "పైపు నీళ్లు నిలువుగ వస్తయి. వాన అడ్డంగ కొడతది. గాలి వాననాడు బయట నిలబడి చూడాలె చెల్లె. నేను వస్త, నువ్వు ఎక్కకు."

ఆయన పోయాక కొద్ది రోజులకు ఆ వాన వచ్చింది. సాయంత్రం అసర్ నమాజు ముగించి చాప మడుస్తుండగా గాలి మొదలైంది. తోటలో పడి ఉన్న ఇనప రేకులు ఎగిరాయి. వెంటనే వడగళ్లు. ముందు మెయిన్ స్విచ్ ఆపాను. మా ఆయన మంచం ఎక్కి మూల దగ్గర కాగితం పెట్టి, "తడుస్తాంది" అన్నాడు. మెల్లగా అన్నాడు, నేను భయపడతానని. జిద్దాలో మేడమ్ వంటగది పక్క గది నా కళ్ల ముందుకొచ్చింది. ఆయన ఒక్కడే కాపలావాళ్ల గదిలో పడుకొని ఉండటం కనబడింది.

ముసుగు బిగించి కట్టుకొని బయటికి వెళ్లాను. మా ఆయన వద్దని అరుస్తున్నాడు. ఉరుముతోంది, ఇనుము ముట్టుకోవాలంటే ప్రాణం పోతోంది. నూనె డబ్బా బోర్లించి ఎక్కాను. వాన నిజంగానే అడ్డంగా కొడుతోంది. చూశాను. కారవాన్ పక్కన గుడారం గుడ్డ తగిలించడానికి పైన ఒక అల్యూమినియం పట్టీ ఉంటుంది, గొట్టంలా. దాని ఒక చివర మూత లేదు. గాలి ఆ నోట్లోకి నీళ్లు కొడుతోంది. నీళ్లు గొట్టం వెంట నడిచి, మా మంచం పై మూల దగ్గర ఉన్న స్క్రూ పట్టుకొని లోపలికి దిగుతున్నాయి. పైపు పెట్టినప్పుడు ఆ నోరు ఎప్పుడూ తడవలేదు.

తడి మీద టేపు అంటదు. ఒక ప్లాస్టిక్ కవరు మడిచి ఆ నోట్లో కుక్కి, ఊడిపోకుండా అరచేత్తో అదిమి పట్టాను. వడగళ్లు చేతి మీద కొడుతున్నాయి. ఆపదలో చదివే ఆయతుల్ కుర్సీ చదువుతున్నాను. భయంతో పదాలు తప్పిపోతుంటే మళ్లీ మొదటి నుంచి చదివాను. లోపల తడిసిన చెక్క తుడిచి, మా ఆయన కొత్త కాగితం పెట్టాడు.

"వచ్చెనా?" అని అరిచాను. నేను అడిగిన మాట నాకే కొత్తగా వినిపించింది. ఎప్పుడూ జవాబు చెప్పే మనిషిని.

"రాలా" అన్నాడు.

వాన తగ్గేదాకా అలాగే నిలబడ్డాను. మధ్యమధ్య అడిగాను. ప్రతిసారీ రాలేదనే అన్నాడు. తగ్గాక దిగుదామంటే గొట్టం చివర పట్టుకున్న వేళ్లు విడివడలేదు, మా ఆయన వచ్చి ఒక్కొక్కటే విడదీశాడు. ఆరిన తరువాత శుభ్రంగా తుడిచి, టేపు వేసి మూసేశాం. ఆ రాత్రి మళ్లీ అంతే పెద్ద వాన కొట్టింది, అదే గాలితో. మూల తడవలేదు.

పొద్దున కఫీల్ వచ్చాడు. గోడల వెంట అరచెయ్యి ఆనించుకుంటూ నడిచాడు. మంచం ఎక్కి ఆ మూల కూడా తడిమాడు. తన అరచేతిని చూసుకున్నాడు. "ఖలాస్. ఇక్కడే ఉండండి" అన్నాడు. ఆయన వెళ్లాక మా ఆయన మంచం మీద కూర్చొని ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

నాకు భయం పోయిందని చెప్పను. మబ్బు పడితే ఇప్పటికీ ముందు స్విచ్ దగ్గరికే నడుస్తాను. అన్న శవపేటికను ఊరికి పంపే కాగితాల పని ఇంకా రియాద్‌లో నడుస్తూనే ఉందని ఆయన గదివాళ్లు చెప్పారు. నిర్మల్‌లో వదిన ఎదురుచూస్తోంది. ఆమెకు ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో తెలియక, మా ఇల్లు కారడం లేదని చెప్పాను. ఆమె "అవునా చెల్లె" అని ఏడ్చింది.

కఫీల్ వెళ్లిన రోజే మొదటిసారి నిచ్చెన ఎక్కి కప్పు చూశాను. ఎండ వచ్చి రేకు ఆరిపోయింది. మా మంచం ఉన్న వైపు మాత్రం రేకులో పక్కపక్కనే రెండు చిన్న సొట్టలు, వాటిలో నీళ్లు. ఏమిటో మొదట అర్థం కాలేదు. తరువాత తెలిసింది. ఆ మూలను పట్టుకోవడానికి అన్న ఎన్ని శుక్రవారాలు అక్కడ మోకాళ్ల మీద కూర్చున్నాడో, ఆ మోకాళ్లు దిగిన గుంతలవి. ఒక పిచ్చుక వచ్చి గుంత అంచున వాలింది. కప్పు మీద నీళ్లు నిలవనివ్వకూడదు, తుడవాలి. గుడ్డ చేతిలోనే ఉంది. పిచ్చుక తాగేదాకా కదలకుండా నిచ్చెన మీదే నిలబడ్డాను.