నలభై ఒకటో చింతపిక్క

“ఇవాళ ఉపాసమేనా, నాయనమ్మా?” అని మంచం పక్కన కూర్చుని అడిగాను.

“ఎవరూ ఏటీ తేకపోతే ఉపాసమే” అంది కళ్లు మూసుకునే.

మా ఇద్దరి మధ్య చివరి మాటలు అవే. ఆ మాట వెనక ఒక హోలీ పండగ ఉంది. నేను చెబుతున్నాను, మా మనవరాలు రాస్తోంది.

నా చిన్నప్పుడు రాయపూర్ రైల్వే క్వార్టర్లలో ఉండేవాళ్లం. ఈస్టరుకి ముందొచ్చే లెంటు ఉపవాసాలు నలభై రోజులూ పిల్లలం తీపి మానెయ్యాలి. మా అమ్మ ఒక్కొక్కరికీ నలభై చింతపిక్కలు ఇచ్చేది. తీపి ముట్టని రోజున, సాయంత్రం ప్రార్థనయ్యాక ఒక పిక్క డబ్బాలో వెయ్యాలి. తింటే ఆ రోజు పిక్క మన దగ్గరే ఉండిపోతుంది. ఈస్టరు నాటికి ఒక్కటీ మిగలకూడదని నా పంతం. అంతకుముందు సంవత్సరం మా అన్నయ్యకి ఏడు మిగిలాయని క్వార్టర్లన్నిటా చాటింది నేనే మరి.

అక్కడ సరిగ్గా లెంటు మధ్యలో హోలీ వచ్చి కూర్చుంటుంది. ఇంటింటికీ గుజియాలు పంచుతారు, మన కజ్జికాయల్లాంటివే. పక్కింట్లోకి కొత్తగా వచ్చిన దీదీ ఆ రోజు పళ్లెం నిండా పట్టుకొచ్చింది. ఛత్తీస్‌గఢ్ పల్లె మనిషి. కులం పేరు చెప్పి కుళాయి దగ్గర కొందరు ఆవిడ బిందెని దూరంగా పెట్టించేవారు. అది నాకూ తెలుసు. అయినా ఆవిడ నా చేతిలో పెట్టబోతే రెండు చేతులూ వెనక్కి దాచుకుని, “హమ్ నహీ ఖాయేంగే”, మేం తినం అనేశాను. నా పిక్కల గొడవ నాది.

ఆవిడ ముఖం వాడిపోయింది. “హమర్ హాథ్ కే నఇ ఖావవ్ కా?” అంది. మా చేతిది తినరా అని. పళ్లెం మీద కొంగు కప్పుకుని వెనక్కి తిరిగింది.

అప్పుడు వచ్చింది మా నాయనమ్మ లోపల్నుంచి. లెంటులో పొద్దుగుంకేదాకా మంచినీళ్లైనా ముట్టని మనిషి. హిందీ ఒక్క ముక్క రాదు. దీదీ చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి, చాప మీద కూర్చోబెట్టి, గుజియా తీసుకుని కొరికింది. అది పూర్తిగా తిని, ఇంకొకటి ఇమ్మని చెయ్యి చాపింది. తరవాత నా వైపు చూసింది.

“తినెయ్యే గుంటా. ఉపాసం నీది. దాన్ని ఆవిడ నెత్తినెందుకు పెడతావు?”

ఏడుస్తూనే తిన్నాను. ఏడుపులోనూ అది బాగానే ఉంది, ఏం చెయ్యను. దీదీ తన కొంగుతోనే నా కళ్లు తుడిచింది. మర్నాటి నుంచి కుళాయి దగ్గర నాయనమ్మ తన బిందెని ఆవిడ బిందెకి ఆనించే పెట్టేది.

ఈస్టరు నాటికి నా దగ్గర ఒక పిక్క మిగిలింది. అన్నయ్య ఊరుకుంటాడా! నాయనమ్మ చింతపండులోంచి ఇంకో పిక్క తీసి నా పిక్క పక్కన పెట్టి, ఇది నాది అంది. మర్నాడు అందరూ పండగ నాటి మాంసం కూర వేడిచేసుకుని తింటుంటే మేమిద్దరం ఉపవాసమున్నాం. మధ్యాహ్నానికి నా వాలకం చూసి నాకు గంజి పట్టించింది గానీ, తను మాత్రం పొద్దుగుంకేదాకా ఉంది. అప్పుడు రెండు పిక్కలూ డబ్బాలో వేశాం.

మా ఆయన పోయి ఒక్కదాన్నే అయినా, లెంటు వస్తే ఇప్పటికీ పిక్కలు లెక్కపెట్టుకుంటాను. నలభై కాదు, నలభై ఒకటి. ఎవరో ఒకరు ఏదో ఒకటి తెస్తారు కదా, ఆ రోజు కోసం, నాయనమ్మ తీసి పెట్టిన పిక్కలాగే, ఒకటి ఎక్కువ.

ఏమే, రాశావా? సంతకం దాటి నాకు అక్షరం రాదు. నాయనమ్మ మాట ఆవిడ అన్నట్టే పెట్టావో, దిద్దేశావో. ఏదీ, మొదటి నుంచి ఒకసారి చదువు, వింటాను.