ఫట్‌ఫటికి పలుపు

ఆ రోజుల్లో మా వైపు ఎవరైనా మోటారు సైకిలు కొన్నారంటే దాన్ని చూడడానికి ఊరంతా వచ్చేది. కొన్న మనిషిని చూడడానికి మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు. అతన్ని రోజూ చూస్తూనే ఉంటారు కదా. నేను వికారాబాద్ పశువుల దవాఖానలో కొత్తగా కొలువుకు చేరిన కాలమది. కొలువంటే పెద్దదేమీ కాదు. డాక్టరు సాబు సూది వేస్తుంటే ఎద్దు కొమ్ములు పట్టుకోవడం, ఊళ్లకు పోయి గొర్రెలకు టీకాలు వేయడం. మా తాతముత్తాతలందరూ గొర్రెల వెనక కాలినడకన తిరిగినవాళ్లు. ఆ వంశంలో నాలుగక్షరాలు నేర్చిన మొదటివాణ్ణి కాబట్టి నేను గొర్రెల వెనక మోటారు సైకిలు మీద తిరగాలనుకున్నాను. (మా వంశం సాధించిన ప్రగతి అదీ.)

నిజం చెప్పాలంటే అది ఒట్టి సోకు కాదు. ఒకరోజు డాక్టరు సాబు నన్ను పిలిచి, "చూడు మియా, తాండూరు దిక్కు ఊర్లు తిరగాల్నంటే సొంత బండి ఉండాలె. నువ్వు బస్సు కోసం చూసుకుంట కూసుంటే ఐసు కరిగి మందు పాడైతది. బండి జేసుకుంటవా, లేకుంటే ఆదిలాబాద్ జంగల్ల ఒక ఖాళీ ఉన్నది, ఆడికి పోతవా?" అన్నారు. అప్పటికి నేను మా అమ్మ చేతి జొన్నరొట్టె తప్ప పరాయి రొట్టె తిని ఎరుగను. ఆదిలాబాద్ పేరు వినగానే నాకు ముందు ఆకలి, తర్వాత భయం వేశాయి. సైకిలు కూడా సరిగ్గా తొక్కడం రానివాణ్ణి, "బండి జేసుకుంట సార్" అనేశాను.

బండి వెతికిపెట్టినవాడు మా మేనమామ. గొర్రెల సంతల్లో ఆయన మాటకు విలువ. ఏ జీవాన్నైనా చుట్టూ ఒకసారి తిరిగి దాని గుణం చెప్పేవాడు. "తాండూరు దాటినంక యాలాలల ఒక ఫట్‌ఫటి ఉన్నదిరా. మిలిటరీది. ఇంటాయన పోయిండు, ఆమె అమ్ముతనంటున్నది" అని నన్ను వెంటబెట్టుకుని పోయాడు. యుద్ధంలో తిరిగి, తర్వాత వేలానికొచ్చిన పెద్ద బండి అది. రెండు పక్కలా కిత్తనార గుడ్డ సంచులు, వెనక గేదె వీపంత సీటు. ఆ సీటు మీద భార్యను కూర్చోబెట్టుకుని ఆ ఇంటాయన పండరీపురం దాకా పోయి వచ్చాడట. మామ దాని చుట్టూ తిరిగి, వెనక చక్రం మీద తట్టి, "సుడి మంచిగున్నది. ముసల్దే గని పనికి వంగుతది" అని తేల్చాడు. సుడి ఎక్కడుందని అడిగితే పెట్రోలు మూత చూపించాడు.

బండి అమ్ముతున్న అవ్వ మజ్జిగ తాగిపొమ్మంది. నేను బావి దగ్గరికి పోయి కాళ్లు కడుక్కుని వచ్చేసరికి మామా, అవ్వా బండి దగ్గర వంగి ఏదో చేసి లేస్తున్నారు. అవ్వ బండి లైటుకు కుంకుమ పెట్టి, "పైలంగ జూస్కో కొడుకా. మా ఆయన దీన్ని పేరు వెట్టి పిలిచేటోడు" అంది.

"ఏం పేరవ్వా?"

"నా పేరే" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నలుగురు కుర్రాళ్లు వెనక నుంచి తోస్తే బండి మొదలైంది. అలా తోయడం పెళ్లికూతుర్ని సాగనంపడం లాంటిదేమో అనుకున్నాను కానీ, అది రోజూ చెయ్యాల్సిన పని అని అప్పుడు తెలియదు. పడుతూ లేస్తూ ఎలాగో దాన్ని ఇల్లు చేర్చాను.

మర్నాడు వికారాబాద్‌లో మొదటిసారి కిక్కు మీద కాలేసి తన్నాను. అది తిరిగి తన్నింది. నేను మళ్లీ తన్నాను. అది మళ్లీ, ఈసారి ఇంకా శ్రద్ధగా తన్నింది. కిక్కు రాడ్డు ఎగిరి వచ్చి మోకాలి కింది ఎముకకు తగిలితే కళ్లముందు చుక్కలు కనిపించేవి. బండిలో తప్పా, నాలో తప్పా అని తెలుసుకోవడానికి కనపడ్డవాళ్లందరినీ అడిగాను. హ్యాండిలుకు ఎడమ పక్క ఒక చిన్న పిడి ఉండేది. నొక్కితే వదులుగా ఊగేది, దానివల్ల ఏమీ జరిగేది కాదు. బస్సు డ్రైవరొకడు చూసి, "అది తుపాకీది సార్, ముట్టుకోవద్దు" అన్నాడు. మా కంపౌండరు అది గొంతు పోయిన హారన్ అన్నాడు. డాక్టరు సాబు చాలాసేపు చూసి "ఎక్స్‌ట్రా" అన్నారు. నేను మాత్రం అది చిటికెనవేలు ఆనించుకోవడానికి పెట్టారని నమ్మాను. అలాగే ఇంజను పక్కన ఒక చిన్న కొక్కెం ఖాళీగా ఉండేది. సద్దిమూట తగిలించుకోవడానికనుకుని ఒకసారి తగిలించాను. (ఆ రోజు మసిబొగ్గైన రొట్టె తిన్నాను.)

చివరికి నాకు ఒకే ఉపాయం మిగిలింది. బండిని పల్లంలోకి వదిలి, కొంత దూరం పోయాక గేరు వేస్తే అది తన్నకుండా మొదలయ్యేది. దాంతో నా బతుకంతా వాలు చూసుకుని నడిచింది. వికారాబాద్ ఎత్తుపల్లాల ఊరు కాబట్టి బతికిపోయాను. చాయ్ బాగుండని హోటలుకు కూడా దాని ముందు వాలుందని పోయేవాణ్ణి. ఒక స్నేహితుడి పెళ్లిపందిరి చదునైన నేల మీద వేశారు. బండి ఆపే ధైర్యం లేక, ఇంజను నడుస్తుండగానే సీటు మీద నుంచి అక్షింతలు వేసి వచ్చేశాను. వాళ్లు నన్ను చాలా పనిమంతుడనుకున్నారు.

తాండూరుకు దిగితే మాత్రం నా ఆటలు సాగేవి కావు. అక్కడి బండలు నున్నన, నేల అంతకంటే చదును. ఊరంతా వెతికితే రైలు గూడ్సు షెడ్డు ముందు బస్తాలు ఎక్కించే గట్టొకటే వాలుగా కనిపించింది. నేను కనపడగానే హమాలీలు కందిబస్తాలు దించి, "సారొచ్చిండు, జరుగుండ్రి" అని బండిని గట్టెక్కించేవారు. వికారాబాద్‌లో బుద్ధిగా ఉండే బండి తాండూరుకు రాగానే ఎందుకు మొండికేస్తుందో ఎవరికీ అర్థం కాలేదు. మామ మాత్రం ఎప్పుడడిగినా, "ఇంక మాలిమి గాలేదురా. కొత్త జాగ గద" అనేవాడు. నెలలు గడిచినా అదే మాట. మా అమ్మ దానికి దిష్టి తీసింది. ఆ మర్నాడు అది నన్ను ఎడమకాలి మీద కూడా తన్నింది.

అలా ఉండగా యాలాలలో గొర్రెల టీకాల క్యాంపు పడింది. డాక్టరు సాబు జీపులో నేరుగా అక్కడికి వస్తారు. నేను ఐసు నింపిన పెద్ద ఫ్లాస్కులో మందు పెట్టుకుని వికారాబాద్ నుంచి రావాలి. ఐసు కరగకముందే చేరితే కొలువు, లేకపోతే ఆదిలాబాద్. ఆ పొద్దున తాండూరులో బండి ఆపకుండా, హమాలీలకు దూరం నుంచే చెయ్యూపి సాగిపోయాను. ఇంకొంచెం పోతే యాలాల అనగా దారి నిండా గొర్రెల మంద అడ్డం వచ్చింది. హారన్ కొట్టాను. గొర్రెలు నిలబడి నన్నే చూశాయి. బండి ఆగింది, ఇంజనూ ఆగింది. చుట్టూ కంటికానినంత మేర జొన్నచేలు, ఎక్కడా జానెడు వాలు లేదు.

తన్నాను. అది తన్నింది. మంద కాపరి కర్ర మీద గడ్డం ఆనించి చూసి, "ఏడికి పోవాలె సార్?" అన్నాడు.

"మీ గొర్రెలకే టీకాలు తెస్తున్ననయ్యా."

"అయితే ఈడనే ఏసిపోరాదు."

ఎండ ఎక్కుతోంది. ఫ్లాస్కు ఊపితే మొదట వినపడ్డ ఐసు గలగల ఇప్పుడు నీళ్ల చప్పుడుగా మారుతోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంతలో ఒక ఎడ్లబండి వచ్చింది. బండాయన దిగి, నా బండి ముందూ వెనకా వెతికి, "దీనికి పలుపేది సార్?" అన్నాడు. పరాచికమనుకుని నేను మళ్లీ కిక్కు తన్నాను. ఆయన జాలిగా తన తాడే తీసి కట్టాడు. అలా నేను హ్యాండిలు పట్టుకుని, ఎడ్లు లాగుతుండగా, ముందు మందతో, ఊరేగింపుగా యాలాల చేరాను.

చావడి ముందు మంచం మీద డాక్టరు సాబు కూర్చుని ఉన్నారు. లేచి ఫ్లాస్కు మూత తీశారు. అడుగున నిమ్మకాయంత ఐసుముక్క ఒకటి మిగిలి ఉంది. "గీసారి బచాయించినవ్" అన్నారు. "వచ్చే నెల క్యాంపుకు గూడ గిట్లనే ఎడ్ల ఎనక వస్తే మాత్రం... ఆ ఖాళీ ఇంకా ఖాళీగనే ఉన్నది."

టీకాలు అయిపోయాక, కుంటుతున్న నన్ను చూసి బండి అమ్మిన అవ్వ తన ఇంటికి తీసుకుపోయింది. పసుపు వేడిచేసి పట్టు వేస్తానని నన్ను కొట్టంలో కూర్చోబెట్టింది. గోడ మేకులకు పాత పలుపులు వరసగా వేలాడుతున్నాయి. వాటి మధ్య నల్లటి సన్నని తీగ ఒకటి కనిపించింది, రెండు కొసలా పూసల్లాంటి బిళ్లలతో, కుంకుమ బొట్టుతో.

"అవ్వా, గదేంది?"

"ఏది? గదా? పలుపు."

"దేని పలుపు?"

"ఏమడుగుతవు కొడుకా, నీ బండిదే. బర్రెనమ్మినా గొడ్డునమ్మినా ఎవలన్న పలుపిస్తరా? ఇస్తే ఇంట్లున్న లచ్చిమి దాని ఎంబడే పోతది. మీ మామనే బండికెల్లి ఇప్పిచ్చిండు."

నెలల తరబడి నేను తిన్న తన్నులన్నీ ఆ మేకుకు వేలాడుతున్నాయి. "గన్ని తీగలున్నయ్ గదవ్వా, ఇదే ఎందుకు తీసినవ్?" అన్నాను. గొంతులో కోపం దాచుకోలేకపోయాను.

అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. "ఆయన బండి తన్నేటప్పుడు ఎడమ చెయ్యి గా పిడి మీదనే ఉండేది. ఎప్పుడు జూసినా గా చెయ్యి ఆడనే. మిగతయి బండివి. ఇదొక్కటి ఆయనది అనిపిచ్చింది" అంది.

లేచి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది నా కొలువు. అడిగితే ఇచ్చేదేమో కూడా. నోరు రాలేదు. కోప్పడాలో, నవ్వాలో, ఆమెతోపాటు కళ్లు తుడుచుకోవాలో తెలియక కాలు చాపుకుని కూర్చున్నాను. ఆమె పసుపు రాస్తూ ఉన్నట్టుండి ఆగి, "అవునుగని, ఇన్ని నెలలైతున్నది, దానికి కొత్త పలుపు తెచ్చెయ్యలేదా?" అంది.

"లేదవ్వా."

"అయ్యో! గందుకే తంతున్నది. తన్నక ఏం జేస్తది నోరులేనిది?"

ఇంటికి రాగానే మామ మీద విరుచుకుపడ్డాను. ఆయన తాపీగా, "ఎవలన్న పలుపిస్తరారా? నువ్వు కొత్తది తెచ్చుకున్నవనుకున్న" అన్నాడు.

"మామా, అది పలుపు కాదు!"

"మరేంది?"

అదేమిటో నాకూ తెలియదు.

మర్నాడు వికారాబాద్ స్టేషన్ దగ్గరి సైకిలు షాపుకు పోయి, ఎడమ పిడి నుంచి ఇంజను పక్కనున్న సద్దిమూట కొక్కేనికి తీగ కట్టమన్నాను. షాపాయన నన్ను ఎగాదిగా చూసి, సైకిలు బ్రేకు తీగ ఒకటి బిగించాడు. పిడి పట్టి మెల్లగా తొక్కితే, ఇంజను బిగువు సడలి, అంతకాలం నన్ను ఎగరేసిన కిక్కు వెన్నలో వేలు దిగినట్టు దిగింది. పిడి వదిలి తన్నగానే బండి డబడబమంది. ఎవరైనా వెనక నుంచి తోశారేమోనని వెనక్కి తిరిగి చూశాను.

తర్వాతి నెల క్యాంపులో డాక్టరు సాబు ముందు అవసరం లేకపోయినా బండి ఆపి, మొదలుపెట్టి, మళ్లీ ఆపి మొదలుపెట్టాను. ఆయన "బస్ మియా, బస్" అని నవ్వారు. ఆదిలాబాద్ మాట మళ్లీ ఎత్తలేదు. అవ్వ వచ్చి కొత్త తీగను వేలితో తాకి, "తెల్లగున్నది" అని దానికీ బొట్టు పెట్టింది. ఎక్కుమంటే సిగ్గుపడి, చివరికి ఎక్కింది. కాగ్నా ఏటి ఒడ్డు దాకా పోదామని కదిలితే, "మెల్లగ పో కొడుకా, ఆయన మస్తు జోరుగ పోయేటోడు" అంది. ఊరు దాటాక నా భుజం తట్టి, "జర జోరుగ పో" అంది. నేను జోరు పెంచాను. ఆమె నా ఎడమ చేతినే చూస్తోందని తెలుసు.

చాలా ఏళ్లకు, ఆదిలాబాద్ భయాలన్నీ తీరి, జీపు ఎక్కే రోజులు వచ్చాక ఆ బండిని పరిగి పంతులు ఒకాయనకు అమ్మేశాను. అప్పటికి ఈ పలుపు కథను నలుగురిలో చెప్పి ఎన్నిసార్లు నవ్వించానో లెక్కలేదు. ఆ రోజు పంతులుగారు కాళ్లు కడుక్కోవడానికి పోయినప్పుడు మాత్రం గబగబా వంగి, పాత తీగ విప్పి జేబులో వేసుకుని, ముందే తెచ్చిపెట్టుకున్న కొత్త తీగ బిగించాను. "కొత్త పలుపేసిన సార్" అంటే ఆయన అయోమయంగా చూశాడు. ఆ బండి విషయంలో అయోమయం నాది కాకపోవడం అదే మొదటిసారి.

ఆ తీగ ఇప్పటికీ మా తలుపు వెనక మేకుకు ఉంది. ఇల్లు సర్దినప్పుడల్లా ఇంటావిడ దాన్ని పారేయబోతుంది, నేను పడనివ్వను. అప్పుడప్పుడు ఎవరూ చూడకుండా తీసి దాన్ని ఎడమ చేత్తో పట్టుకుంటాను. తన్నడానికే ఇప్పుడు కాలు లేవదు.