మరియమ్మను ఎత్తుకునే బలం

సహోదరులారా, సహోదరీలారా, ముందు వరసలో చక్రాల కుర్చీలో కూర్చున్న మరియమ్మ నా భార్య. పక్షవాతంతో ఆమె కుడి పక్క పడిపోయిన నాటి నుంచి మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీలోంచి స్నానానికి నేనే ఎత్తుకునేవాడిని. దాచేపల్లి దగ్గర సున్నపురాయి గనుల్లో రాళ్ళు మోసిన చేతులు కదా, ఈమె బరువెంత అనుకున్నాను. కానీ డెబ్బై దాటేసరికి కండ కరిగిపోయింది, తొడలు సన్నబడ్డాయి, గోడ పట్టుకుంటే తప్ప నేనే లేవలేని స్థితి వచ్చింది.

ఒక ఉదయం ఆమెను ఎత్తబోయి మోకాళ్ళు మడతపడి ఇద్దరం కింద పడ్డాం! లేపే బలం నాకు లేదు, లేచే బలం ఆమెకు లేదు. నేల మీద పడి ఉండి కూడా మరియమ్మ, "దెబ్బ తగిలిందా అయ్యా?" అని నన్నే అడిగింది.

పక్కింటివాళ్ళు వచ్చి లేపారు. సంగతి తెలిసి మా అమ్మాయి ఏడ్చింది. "నాన్నా, ఇంక నీ వల్ల కాదు, అమ్మను ఏదన్నా ఆశ్రమంలో చేర్చుదాం" అంది. ఆ రోజు నేను చేసిన ప్రార్థన ఒక్కటే: "ప్రభువా, ఆయుష్షు పెంచమని అడగను, ఈమెను ఎత్తుకునే బలం మాత్రం ఇయ్యి తండ్రీ!"

నరసరావుపేటలో డాక్టరమ్మకు చూపించుకున్నాను. "తాతా, కండలో కంటికి కనపడని పొయ్యిల్లాంటివి ఉంటయ్, మైటోకాండ్రియా అంటారు. తిన్నదాన్ని శక్తిగా మార్చేది అవే. వయసుతో మందగిస్తయ్, పడతానని భయపడి కూర్చుంటే ఇంకా మందగిస్తయ్. కండకు రోజూ పని చెప్పు, ఈ వయసులో కూడా పుంజుకుంటయ్. గుడ్డు, పప్పు మానమాక" అంది. సూది మందు ఇస్తుందనుకున్న నాకు నిరాశ కలిగింది. కానీ ప్రార్థనలో కూర్చున్నప్పుడు అర్థమైంది, దేవుడు నన్ను కట్టేటప్పుడే ఆ పొయ్యిలు లోపల పెట్టాడని!

రోజూ ఎండ ముదరకముందే నడిచాను, కుర్చీలోంచి పదేపదే లేచి కూర్చున్నాను, ఇసుక సంచి ఎత్తి దించాను. మొదట్లో ఏమీ మారలేదు, ఆయాసంతో కన్నీళ్ళు వచ్చేవి. "కానియ్, ఇంకొక్కటి!" అని మంచం మీద నుంచి మరియమ్మ నవ్వేది. అన్నాళ్ళూ సంఘంలోని అక్కచెల్లెళ్ళే వంతులేసుకుని ఆమెకు స్నానం చేయించారు. కొన్ని నెలలకు ఒక పొద్దున ఆమెను ఎత్తుకున్నాను, కాళ్ళు వణకలేదు, ఆమె ఎడమ చెయ్యి నా మెడ చుట్టూ వేసింది. దేవునికే మహిమ!

నా వయసు వెనక్కి పోలేదు, సహోదరులారా, ఏదో ఒకనాడు ఈ బలం కూడా తీరుతుంది. అయినా ఇచ్చిన ప్రతి ఉదయానికీ ఆయనకు వందనాలు. మీరూ ఆయనను అడగండి, ఆయన చూపిన పని చిన్నదని వదిలిపెట్టకండి.

ఇందాక గుడికి బయలుదేరుతుంటే మరియమ్మ నాతో అంది: "ఇదిగో అయ్యా, చానాసేపు మాట్లాడమాక. నా గురించి తక్కువ చెప్పు, ఆయన గురించి ఎక్కువ చెప్పు." క్షమించమ్మా, నాకు రెండూ ఒకటిగానే వస్తున్నాయి.