గంజి మామయ్య పారబోసిన ట్యాంకు

పట్టపగలు కునుకు తీసి ట్యాంకెడు పాలిమర్ మందు పాడుచేశాడని, అందుకే మా మామయ్యను ఇన్‌చార్జి పనిలోంచి తీసి గోదాములో పడేశారని మా వీధిలో చెప్పుకుంటారు. బస్సులో ఎదురింటావిడ నన్ను చూడగానే మొదలుపెడుతుంది.

"మీ గంజి మామయ్యకేమే, ఇప్పుడు చుట్టూ బస్తాలే. దిండు కూడా అక్కర్లేదు!"

అందరూ నవ్వుతారు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాను.

మామయ్య అమ్మకు తమ్ముడు. పాత ముడినూనె బావుల దగ్గర పాలిమర్ కలిపే షెడ్డులో పద్దెనిమిదేళ్ళు పనిచేశాడు. ఆ తెల్లటి పొడి కలిస్తే నీళ్ళు గంజిలా చిక్కబడతాయి. ఆయనకు ఆ పేరు అలా వచ్చింది. తొమ్మిదో తరగతిలో బడి మానేసిన నన్ను సీసాలు కడిగే పనికి అక్కడ పెట్టించింది ఆయనే.

మొదటి రోజే అడిగాను, నేల కింద నూనె ఉంటే తోడుకోక ఈ గంజి ఎందుకని.

"అది చెరువులా ఉండదే అమ్మడూ. రాతి సందుల్లో అతుక్కుని ఉంటుంది. ఒక బావిలోంచి నీళ్ళు పంపి ఇంకో బావి వైపు నెడతాం. ఉత్త నీళ్ళు మీ అన్నయ్య లాంటివి, సులువైన దారి దొరికితే చాలు, అందులోంచే జారుకుంటాయి. నూనె ఎక్కడిదక్కడే ఉండిపోతుంది. చిక్కబరిచామనుకో, మెల్లగా వెడల్పుగా కదిలి దాన్ని ముందుకు తోస్తాయి."

పొడిని ముగ్గు వేసినట్టు సన్నగా చల్లాలి. గుమ్మరిస్తే ఉండలు కట్టి రాతి సందులు మూసుకుపోతాయి. కలిపే మర మెల్లగా తిరగాలి. వేగంగా తిరిగితే పాలిమర్‌లోని పొడవాటి గొలుసులు తెగిపోతాయి. మళ్ళీ ఎంత కలిపినా ఆ చిక్కదనం రాదు. గంటలు పట్టినా ఆయన ఓపిగ్గా నిలబడేవాడు.

ట్యాంకు పారబోసిన రోజు మధ్యాహ్నం మూడింటికి మామయ్య అడుగున చిల్లున్న కప్పులో ట్యాంకులోని మందు పోసి గడియారం చూశాడు. నిమిషం పట్టాల్సింది అర నిమిషంలో కారిపోయింది. రెండోసారీ అంతే.

అధికారి వచ్చాడు. "పంపేయవయ్యా. నేల లోపలికెళ్ళి ఎవరు చూస్తారు?"

"ఎనిమిది నెలలకి అవతలి బావే చెబుతుంది సార్. ఇవి ఉత్త నీళ్ళు."

"పారబోస్తే పైవాళ్ళు ఊరుకోరు. నీ ఇన్‌చార్జి పని పోతుంది, చూసుకో. ఇంతకీ మర దగ్గర ఎవరున్నారు?"

మామయ్య నా వైపు చూడలేదు. "నా షిఫ్టు సార్" అని ట్యాంకు అడుగు వాల్వు తిప్పాడు. ట్యాంకంతా వ్యర్థాల గుంటలోకి పోయింది.

వారం తిరక్కుండా ఆయన్ను గోదాముకు మార్చారు. ఇప్పుడు పొడి బస్తాలకు తడి తగలకుండా చూస్తుంటాడు. అవతలి బావిలో ఈ నెల నూనె ఎంత పెరిగిందో నేను బస్సు దిగగానే అడుగుతాడు. అంతకుమించి ఏమీ అడగడు.

ఆ మధ్యాహ్నం ఆయన నిద్రపోలేదు. నన్ను మర దగ్గర ఉంచి, నీళ్ళు పంపే బావి దగ్గర ఒత్తిడి గేజీ చూడడానికి వెళ్ళాడు. పొడి త్వరగా కలుస్తుందని మర వేగం పెంచింది నేను.