క్యాలెండర్‌లో నా ఎర్ర సున్నా

నలభై నాలుగేళ్ళ ఆడమనిషి వీడియో గేమ్ కోసం ఎదురుచూస్తోందంటే మీకు నవ్వొస్తే నవ్వేయండి. మా ఊళ్ళో అందరూ ఎప్పుడో నవ్వేశారు, మీరు కొత్తగా నవ్వి నన్ను చిన్నబుచ్చేదేం లేదు. మాది పుంగనూరు దగ్గర ఒక పల్లె. పట్టుపురుగులు పెంచుతాం. ఇంటి వెనక షెడ్డు, షెడ్డు వెనక మల్బరీ తోట. ఇంట్లో నేను, మా ఆయన, మా అత్త. మా కూతురు కుప్పంలో ఇంజనీరింగ్ చదువుతూ హాస్టల్లో ఉంటుంది.

ఈ పిచ్చి నాకు అంటించింది మా కూతురే. ఇంటర్లో ఉన్నప్పుడు దానికని కొన్న పాత కంప్యూటర్ ఒకటి నడవ పక్క గదిలో ఉండేది. కుప్పం పోయేటప్పుడు అది లాప్‌టాప్ తీసుకుపోయింది, ఇది నాకు మిగిలింది. అందులో రాకెట్ తోలే చిన్న ఆట ఒకటి ఉండింది. రాకెట్టును పైకి పంపి చంద్రుడి మీద దించాలి, అంతే. మొదటి రోజు ఏడుసార్లు పగలగొట్టాను. ఎనిమిదోసారి దిగింది. మూడు కాళ్ళూ నేలకు ఆనించి బుద్ధిగా నిలబడింది. నేను కుర్చీలోంచి లేచి "అబ్బా!" అని అరిచాను. ఏం మునిగిపోయిందోనని అత్త వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

"ఏమ్మే, పాలు పొంగిపోయినాయా?"

"లేదత్తా, చంద్రుడి మీద దిగినా."

ఆమె నా మొహమూ ఆ పెట్టే మార్చి మార్చి చూసి, "దీనికి గాలి సోకినట్టుండాది" అనుకుంటూ వెళ్ళిపోయింది.

పురుగులున్న ఇంట్లో ఆడుకోవడానికి తీరికెక్కడిదని అడుగుతారేమో. పట్టుపురుగులకు జ్వరం వస్తుంది. నిజం జ్వరం కాదు. తోలు విడిచే ముందు అవి ఒక రోజంతా మేత మాని, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతాయి. దాన్నే మావాళ్ళు జ్వరం అంటారు. ఆ రోజు వాటికి ఆకు వేయకూడదు, వాటిని ముట్టుకోకూడదు. రెండు జ్వరాలు దాటిన చిన్న పురుగుల్ని, చాకీ పురుగులంటారు, బయటి నుంచి తెచ్చుకుంటాం. మా షెడ్డులో వాటికి ఇంకో రెండు జ్వరాలు వస్తాయి. ఆ రెండు రోజులూ ఊళ్ళో ఆడవాళ్ళు దుప్పట్లు ఉతుక్కుంటారు, బియ్యం చెరుగుకుంటారు, పుంగనూరు పోయి పనులు చూసుకుంటారు. నేను ఆ పనులన్నీ గబగబా ముగించుకొని చంద్రుడి మీదకు పోయేదాన్ని. పురుగుల జ్వరం కోసం నా అంత ఆత్రంగా కాచుకునే మనిషి ఈ చుట్టుపక్కల ఉండరు.

రెండేళ్ళ కింద మా కూతురు సెలవులకొచ్చి తన ఫోనులో ఒక వీడియో చూపించింది. రాబోయే ఆటట. ఒక ఓడ, అందులో మనం ఒక్కళ్ళమే. నక్షత్రాలకు లెక్కే లేదు. ఏ గ్రహం మీదైనా దిగొచ్చు, దిగి నడవొచ్చు.

"మొదట దిగినోళ్ళు ఆ గ్రహానికి పేరు పెట్టొచ్చంట మా" అంది.

ఆ మాట నన్ను పట్టుకుంది. నా జన్మలో నేను దేనికీ పేరు పెట్టలేదు. నా కూతురికి పేరు మా అత్త పెట్టింది. ఇంటికి మా మామ పెట్టిపోయాడు. దొడ్లో దూడ పుడితే నేను నోరు తెరిచేలోపల మా ఆయన ఏదో ఒకటి పిలిచేస్తాడు, అదే ఖాయమైపోతుంది. అందుకని ఒక నోటుబుక్కు తీసి గ్రహాలకు పేర్లు రాసుకోవడం మొదలుపెట్టాను. గుండ్రంగా, నున్నగా ఉన్నదానికి సంకటిముద్ద. ఎవరూ లేనిదానికి తీరిక. మా అమ్మగారి ఊరు నిమ్మనపల్లె పేరు ఒక మంచి గ్రహానికి అట్టిపెట్టాను, నీళ్ళున్నదైతేనే. ఎర్రగా ఉన్నవాటి జోలికి మాత్రం పోలేదు. మదనపల్లె టమాటా మార్కెట్టు వాళ్ళెవరో ముందే దిగి టమాటా అని పెట్టేసి ఉంటారు.

ఆట మొదట చెప్పిన తేదీకి రాలేదు. రెండోసారి చెప్పిన తేదీకీ రాలేదు. మల్బరీ కోతకు వచ్చే ఆడవాళ్ళకు నేను మంచి కాలక్షేపమయ్యాను. "నీ రాకెట్టు యాడిదాకా వచ్చిందమ్మా?" అని ఒకామె అడిగేది. "పలమనేరు కాడ టైరు పంచరయ్యిందంట" అని ఇంకొకామె అందుకునేది. నవ్వనీ. నేనూ నవ్వేదాన్ని, నవ్వుతూనే కొడవలి కాస్త గట్టిగా లాగేదాన్ని.

కొత్త ఆటకు మా పాత పెట్టె సరిపోదని, లోపల బొమ్మల కార్డు మార్చాలని కూతురు చెప్పింది. పండక్కి చీర వద్దన్నాను, దాని బదులు కార్డు కావాలన్నాను. మా ఆయన నన్ను వింతగా చూశాడు గానీ సరేనన్నాడు. కంప్యూటర్ పెట్టెను దుప్పట్లో చుట్టి, గోతాంలో పెట్టుకొని మదనపల్లె బస్సెక్కాను. "గోతాంలో ఏముండాదమ్మా, కోళ్ళా?" అన్నాడు కండక్టరు. గోతాం దింపకుండా ఒళ్ళోనే పెట్టుకొని పోయాను.

మదనపల్లెలో రిపేరు అంగడి భాయ్ మూత విప్పుతూ, "అబ్బాయికా అమ్మా?" అన్నాడు.

"కాదు భాయ్, నాకే."

"మీకా! మీరేం ఆడతారమ్మా, పేకాటా?"

నాకు చుర్రుమంది. "అంతరిక్షంలో ఓడ తోలతా. దానికి తగ్గ కార్డుంటే బిగించు. లేదంటే సెప్పు, ఇంకో అంగడి సూసుకుంటా."

భాయ్ తల గోక్కున్నాడు, కార్డు బిగించాడు. సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడడానికి ఆ ఆట వీడియోనే పెట్టి చూశాడు. ఒకసారి చూశాడు, మళ్ళీ చూశాడు. నేను గోతాం మూతి కడుతుంటే, "ఆట వచ్చినాక నాకొక ఫోన్ కొట్టమ్మా" అన్నాడు, ఈసారి నవ్వకుండా.

మూడోసారి తేదీ ప్రకటించారు. ఇదే ఆఖరు, ఇక మార్పు లేదన్నారు. ఆట వచ్చే రోజు నాకు సెలవని ఇంట్లో ముందునుంచే చెప్పి పెట్టాను. పట్టుపురుగులు పెట్టిన ఈ పంతొమ్మిదేళ్ళలో నేను అడిగిన మొదటి సెలవు అది. పెళ్ళిళ్ళకు పోయినా, పుట్టింటికి పోయినా మేత వేళకు తిరిగొచ్చిన మనిషిని. ఒక్క రోజు, పొద్దున్నించి సాయంత్రం దాకా, నన్ను ఎవరూ పిలవకూడదు. మా ఆయన టీవీ చూస్తూ "ఊ" అన్నాడు. కూతురి పాత కంపాసు పెట్టెలోంచి ఎర్ర స్కెచ్ పెన్ను తీసి నడవలో వేలాడే క్యాలెండర్‌లో ఆ తేదీకి సున్నా చుట్టాను. ఇంకేం చెప్పలేదు. చెప్పాల్సిన పని ఉంటుందని నాకు తోచలేదు.

కొన్ని రోజులకు మా ఆయన మోటారు సైకిల్ మీద చాకీ పురుగుల ట్రేలు తెచ్చి షెడ్డు ముందర దించాడు.

"సెప్పకుండా తెచ్చేసినావేందప్పా?"

"సెప్పేదేముండాది? నువ్వే కదా సున్నా సుట్టినావు. ఆడనుంచి ఎనక్కి పద్దెనిమిది దినాలు లెక్కేసి తెచ్చినా."

 పురుగులొచ్చిన రోజే అవి ఎప్పుడు పండి గూడు అల్లడానికి సిద్ధమవుతాయో లెక్కవేసి ఆ తేదీకి సున్నా చుట్టడం మా ఇంటి అలవాటు. ఆ రోజుకు కూలోళ్ళను చెప్పుకోవాలి, పురుగులు గూడు అల్లుకునే వెదురు తట్టలు, చంద్రికలు, కడిగి ఎండబెట్టుకోవాలి. పండిన పురుగును అప్పటికప్పుడు ఏరి చంద్రిక మీద వేయకపోతే అది మేతలోనే గూడు అల్లుకొని పాడవుతుంది. ఏది పండిందో ఏది పచ్చిదో చూసి చెప్పేది నేను. ఈసారి సున్నా ముందే కనబడేసరికి, నేనే రోజు ఖాయం చేశాననుకున్నాడు మా ఆయన.

నిజం చెప్పాలంటే ఆయన తప్పేం లేదు. పంతొమ్మిదేళ్ళుగా ఆ గోడ మీద ఎన్ని క్యాలెండర్లు మారాయో, వాటిలో నేను చుట్టిన సున్నాలన్నీ పురుగులవే. నాకంటూ ఒక్కటీ చుట్టుకోలేదు. ఇది నాదని ఆయనకెలా తెలుస్తుంది? ఆ సంగతి తలకెక్కాక నా కోపం ఇంకా పెరిగింది. అందులో సగం నా మీదే.

"అది పురుగులది కాదప్పా. నా ఆటది. ఆ పొద్దు నాకు సెలవు."

ఆయన నవ్వాడు. నేను నవ్వలేదని చూసి ఆపాడు. "ఇంకో దినం ఆడుకోవే. ఆట యాడికి పోతాది? పురుగులైతే ఆగవు కదా."

"నేనూ ఆగను."

అత్త నడవలోంచి అందుకుంది. "ఆటకోసరం పంట పాడు జేస్తాదా ఇది? ఇదేం పొయ్యేకాలం!"

"పాడు జెయ్యనత్తా. నీ కొడుక్కి నేర్పిస్తా."

పంతొమ్మిదేళ్ళు ఆకు మోసినవాడు, మందు చల్లినవాడు, గూళ్ళు మార్కెట్టుకు తీసుకుపోయినవాడు మా ఆయన. పండు పురుగు ఏరడం మాత్రం ఆడోళ్ళ పనని ఏనాడూ చెయ్యి పెట్టలేదు. ఆ సున్నాకు ముందు రోజు పొద్దున తొందరపడి పండిన పురుగులు కొన్ని కనబడితే ఆయన్ని షెడ్డులోకి లాక్కుపోయాను. "సూడు. మేత మానేసింది. ఒళ్ళు కొంచెం కుదించుకుంది. ఎలుతురుకు ఎత్తి పట్టుకో, లోపల్నుంచి ఎలుతురు కనబడాల." ఆయన పది ఏరాడు. ఆరు పచ్చివి. ఆరూ వెనక్కి వేయించాను. మళ్ళీ పది ఏరించాను. మొహం ధుమధుమలాడించుకుంటూనే ఏరాడు.

ఆ రోజు రానే వచ్చింది. పొద్దున్నే సంకటి కెలికి, ఊరిబిండి పచ్చడి రుబ్బి, అన్నీ మూతలు పెట్టాను. ఏరడానికి వచ్చిన ఆడవాళ్ళతో, "ఈ పొద్దు ఆయప్పను అడగండి" అని చెప్పి గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాను. నోటుబుక్కు పక్కన పెట్టుకున్నాను.  పెళ్ళిచూపులప్పుడు కూడా నేను అంత ఆత్రపడలేదు.

కంప్యూటర్ ఇంకా పూర్తిగా తెరుచుకోకముందే కుప్పం నుంచి కూతురు ఫోన్ చేసింది. స్పీకర్లో పెట్టాను.

"మా... సూసినావా? మళ్ళీ వాయిదా ఏసినారు. ఈసారి తారీకు కూడా సెప్పలా."

 ఫర్లేదులే అని ఫోన్ పెట్టేశాను. పెట్టేసి ఏడ్చాను. కడుపులోంచి వచ్చింది ఏడుపు. ఆట కోసం ఏడ్చానని చెప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు. రెండేళ్ళు కాచుకున్నదాన్ని.

నడవలో అత్త చెవికి ఆ మాట పడనే పడింది. "రేయ్, ఆట లేదంటరా! కోడలొచ్చేస్తాదిలే!" అని షెడ్డు వైపు కేక పెట్టింది. షెడ్డులోంచి నవ్వులు వినిపించాయి. "మళ్ళీ పలమనేరు కాడే ఆగిపోయిందామ్మా?" అని ఎవరో అన్నారు. మా ఆయన వచ్చి తలుపు తట్టాడు.

"రావే ఇంగ. ఆట లేదంట కదా. ఆడ పురుగులు గుంపులు గుంపులుగా పండుతాండాయి."

నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను. లేచాను. నా చెయ్యి దానంతటదే గడియ మీదికి పోయింది. పిలిస్తే లేవడం అలవాటైపోయిన చెయ్యి అది. దాన్ని అక్కడ చూసుకున్నాక నాకు మంట పుట్టింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"వాయిదా ఏసింది ఆటను. నా సెలవును ఎవురూ వాయిదా ఎయ్యలేదు."

"ఆట లేకుండా లోపలేం జేస్తావే?"

"ఏమీ జెయ్యను. నా ఇష్టం."

 ఆయన చెప్పుల చప్పుడు షెడ్డు వైపు పోయింది. అత్త గొణుగుడు మాత్రం చాలాసేపు ఆగలేదు.

ఆ రోజంతా గదిలోనే ఉన్నాను. పాత ఆట తెరిచి చంద్రుడి మీద నాలుగుసార్లు దిగాను, ఒక్కసారీ పగలగొట్టలేదు. నోటుబుక్కులో ఇంకో మూడు పేర్లు రాశాను. తర్వాత పట్టపగలు కాళ్ళు చాపుకొని నిద్రపోయాను. జ్వరం కూడా లేకుండా పగలు పడుకున్నది అదే మొదలు. మెలకువొచ్చేసరికి షెడ్డులోంచి మా ఆయన గొంతు వినిపిస్తోంది. "అది పచ్చిది, వదిలెయ్యమ్మా. ఎలుతురుకు పెట్టి సూడు" అంటున్నాడు. మధ్యాహ్నం దాటాక ఒకసారి కిటికీ దగ్గరకొచ్చాడు.  అరచేతిలో ఒక పురుగును ఎండకెత్తి చూపించాడు. లోపల్నుంచి వెలుతురు కనబడింది. నేను తల ఊపాను. వెళ్ళిపోయాడు.

ఆ పంటలో కొన్ని గూళ్ళు మచ్చవి వచ్చాయి, పచ్చి పురుగులు కొన్ని పాడయ్యాయి. కొన్నే. మిన్ను విరిగి మీద పడలేదు.

గూళ్ళు మార్కెట్టుకు పోయిన మరునాడు ఎర్ర పెన్ను తీసుకొని క్యాలెండర్ ముందర నిలబడ్డాను. ఆట వాళ్ళు తేదీ చెప్పలేదు. చెప్పకపోతే నాకేం? వచ్చే నెలలో నాకు నచ్చిన తేదీ ఒకటి చూసుకొని సున్నా చుట్టాను. ఆట వచ్చేదాకా నెలకొకటి చుడతాను. వచ్చినాక కూడా చుడతాను.

సాయంత్రం మా ఆయన చాకీ పురుగులు పంపమని చెప్పడానికి ఫోన్ పట్టుకొని వచ్చి, ఆ సున్నా చూసి ఆగాడు.

"ఆ పొద్దు ఆట వస్తాదా?"

"రాదు."

"పురుగులదా?"

"కాదు."

"మరెవురిది?"

"నాది."

ఆయన క్యాలెండర్ వైపు చూసి వేళ్ళ మీద ముందుకూ వెనక్కీ లెక్కపెట్టుకున్నాడు. ఫోన్ చెవిదగ్గర పెట్టుకున్నాడు.

"అన్నా, ఈసారి పురుగులు ఐదు దినాలు ఆలీసెంగా పంపించు. ఎప్పటి లెక్కకైతే ఆ పొద్దే పండుతాయి, కుదరదు. ఆ పొద్దు మా ఇంట్లో ఆమెకు సెలవు."